ఓమ్స్ లా, మా బోరు మోటరు

మా చేగుంట దిక్కు "కరెంటు" అన్న ఒక్క మాటలోనే అన్నీ ఇమిడిపోతాయి. సప్లై వస్తే కరెంటొచ్చింది, వోల్టేజి తగ్గితే కరెంటు డిమ్ముంది. ఇంటర్ ఫిజిక్స్ చదివే రోజుల్లో నాకిది మహా తప్పుగా అనిపించేది. పారే ఛార్జి కరెంటు, దాన్ని తోసేది వోల్టేజి, సెకనుకి ఒక కూలుంబు పోతే ఒక ఆంపియర్, అంటే దాదాపు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు.. అని ఇంట్లో అందరికీ క్లాసు పీకేవాణ్ణి.

2014 యాసంగి. వరి పొట్ట మీదుంది. స్టార్టర్ డబ్బా మీద 415 చూపించాల్సిన ముల్లు 330 దగ్గర ఊగుతోంది.

"డిమ్ముంది బిడ్డా, బంజెయ్యి. మోటరు కాలుతది" అన్నాడు నాన్న.

"వోల్టేజి తగ్గితే కరెంటు గూడ తగ్గుతది నాన్నా, ఓమ్స్ లా! ఎట్ల కాలుతది?" అన్నాను.

చదువుకుంటున్నోడి మాట కదా, ఊరుకున్నాడు. ఊరికే ట్రిప్పవుతోందని రిలేని అంతకుముందే డైరెక్ట్ చేసి పెట్టుకున్నాం. గంట తిరక్కముందే మోటరు కాలింది.

ఓమ్స్ లా తప్పు కాదు, నేను వాడిన చోటు తప్పు. అది బీటెక్‌లో గానీ అర్థం కాలేదు. పాతకాలం బల్బైతే వోల్టేజి తగ్గగానే వెలుగు తగ్గించుకుంటుంది. మోటరుకి ఆ వెసులుబాటు లేదు. అవే నీళ్ళు, అదే లోతు నుంచి ఎత్తాలి. అందుకే వోల్టేజి అయిదో వంతు తగ్గితే కరెంటు సుమారు పావు వంతు పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఓమ్స్ లా నిజంగా పనిచేసింది లైను తీగల్లో. కరెంటు పెరిగేకొద్దీ తీగల్లోనే ఎక్కువ వోల్టేజి పోతుంది. అప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటర్లన్నీ ఇంకాస్త కరెంటు లాగుతాయి, వోల్టేజి ఇంకా పడుతుంది. ఆటో స్టార్టర్లతో అన్నీ ఒకేసారి లేస్తే ఇక చెప్పక్కర్లేదు. 2018 జనవరి 1న రైతులకి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వం వాటిని తీసెయ్యమంది కూడా. అంటే నాన్న "బంజెయ్యి" అన్నది మా ఒక్క మోటరునే కాదు, పక్కవాళ్ళవి కూడా కాపాడే మాట.

మోటరు పైకి తీసి, వైండింగ్ చేయించి, మళ్ళీ దించేసరికి ఎనిమిది రోజులు. అరెకరం తాలైపోయింది. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు.

ఇప్పటికీ ఊరెళ్తే ముల్లు నన్నే చూడమంటాడు. చూసి, ఏం చెయ్యాలో ఆయన్నే అడుగుతాను :)