దారిఖర్చు

మేడే దగ్గరపడినప్పుడల్లా క్లాసులో వొక కథ చెప్పడం నాకు అలవాటు. 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనం చూడడానికి పారిస్ కార్మికులు వెళ్లడం, అక్కడ కుదిరిన పరిచయాలు 1864లో మొదటి ఇంటర్నేషనల్‌కు దారితీయడం ఆ కథ. చెపుతుంటే నాకే వొళ్లు పులకరించేది. ఈ యేడు వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "వాళ్లకు దారిఖర్చు యెవరిచ్చారండీ మాస్టారూ?" అన్నాడు.

జవాబు నాకు తెలుసు. తెలిసే యిన్నేళ్లూ దాటవేస్తూ వచ్చాను. గంట కొట్టారు గనక ఆ పూటకు బతికిపోయాను.

దారిఖర్చులో పెద్దభాగం మూడవ నెపోలియన్ ప్రభుత్వమూ, పారిస్ నగరపాలకులూ యిచ్చారు. కొంత చందాలమీద వచ్చింది. 1851లో సైన్యం బలంతో రిపబ్లిక్కును కూల్చి, మరుసటి యేడు చక్రవర్తి అయిన మనిషి అతను. కార్మికులను మంచిచేసుకుంటే తన ప్రతిపక్షాన్ని అదుపులో పెట్టవచ్చునని అతని యెత్తు. ఈ మాట చెపితే కథ మైలపడుతుందని నా భయం. యెవరి బండి యెక్కితే వారి పాట పాడాలనే సామెత మనకు వుండనే వుంది.

అయితే ఆ కార్మికులు పాడిన పాట యేమిటి? వృత్తులవారీగా తోటివారు యెన్నుకున్న ప్రతినిధులు సుమారు 200 మంది వెళ్లారు. సౌత్ కెన్సింగ్టన్‌లో బెస్సిమర్ ఉక్కునూ, బాబేజి లెక్కల యంత్రం భాగాన్నీ జనం విరగబడి చూస్తున్న రోజులవి. వీరు సరుకులతోపాటు, ఆ సరుకులు చేసే చేతులను కూడా చూశారు. అదే పనికి ఇంగ్లీషు కార్మికుడికి కూలి యెక్కువెందుకు, పనిగంటలు తక్కువెందుకు అని ఆరా తీశారు. అతనికి సంఘం వుంది. తమ దేశంలో 1791 నాటి చట్టం సంఘాన్నే నేరం చేసింది. తిరిగివచ్చి రాసిన నివేదికల్లో సంఘం పెట్టుకునే హక్కు కావాలన్నారు. చక్రవర్తి డబ్బుతో పోయి, చక్రవర్తి చట్టాన్నే తప్పుపట్టారన్నమాట. 1864 మేలో సమ్మె నేరం కాకుండా పోయింది. సంఘాలకు చట్టబద్ధత మాత్రం 1884 దాకా రాలేదు.

1862 ఆగస్టు 5న లండన్‌లో జరిగిన స్వాగతసభలో యజమాని, కూలీ సామరస్యపు మాటలే యెక్కువ. అయినా పరిచయం నిలిచింది. 1864 సెప్టెంబరు 28న సెయింట్ మార్టిన్స్ హాలులో రెండు దేశాల కార్మికులూ మళ్లీ కలిశారు. ఆనాడు వేదికమీద మార్క్స్ కూడా వున్నాడు.

బండి యెవరిదైనా వారి పాట మారకపోవడానికి కారణం వొకటే అని నాకు తోస్తుంది. వారిని పంపింది తోటివారు. తిరిగివచ్చి లెక్క చెప్పవలసిందీ వారికే. నేనూ ప్రభుత్వఖర్చుమీద సెమినార్లకు పోయివచ్చాను. వచ్చి ఆఫీసులో టిక్కెట్లు అప్పజెప్పాను. అక్కడ యేం విన్నానో, యేం నోరు మూసుకున్నానో నా విద్యార్థులకు యేనాడూ చెప్పలేదు. ఆ కుర్రవాడి ప్రశ్న తగలవలసిన చోటే తగిలింది.

మరునాడు అంతా చెప్పాను. 1862 ప్రతినిధి, కంచుపని చేసే తోలాన్ 1871లో కమ్యూన్‌ను కాదని వెర్సాయి శాసనసభలోనే వుండిపోయాడనీ, ఇంటర్నేషనల్ అతన్ని వెలివేసిందనీ చెప్పాను. అదే ఇంటర్నేషనల్‌లో పనిచేసిన బుక్‌బైండరు వార్లాన్‌ను కమ్యూన్ చివరి రోజున, మే 28న, కాల్చిచంపారనీ చెప్పాను.

"అయితే డబ్బు తీసుకోవడం తప్పు కాదంటారా?" అన్నాడు ఆ కుర్రవాడు.

"తీసుకున్నాక యెవరికి లెక్క చెప్పారో చూడు," అన్నాను. అతను తల వూపలేదు. ఆలోచిస్తూ కూర్చున్నాడు. నాకూ ఆలోచన తెగలేదు.