ఒక హరఫ్ తేడాతో

ఇరవై ఏళ్ల ఖబర్లు నా హార్డ్ డిస్క్‌లో పడి ఉన్నాయి. కొన్ని విండోస్‌లో రాసినవి, కొన్ని లినక్స్‌లో. ఒక్కో ఫైలు తెరిచి చూస్తూ కూర్చుంటే ఉమర్ చాలదు. అందుకే నల్ల తెర మీద హుకుం రాస్తాను.

ఆ హుకుంలకు ఉస్తాద్ గ్రెప్. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం రాశాడు. ఫైళ్లన్నీ జల్లెడపట్టి, అడిగిన మాట ఉన్న వరుసలను ముందు పెడుతుంది. విండోస్‌లో ఆ పనికి పవర్‌షెల్ సెలెక్ట్-స్ట్రింగ్ ఉంది. 2016లో వచ్చిన రిప్‌గ్రెప్ లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ నడుస్తుంది.

మగర్ దీనికి మనిషి తెలియడు, హరఫ్ ఒక్కటే తెలుసు.

కిందటేడు మా జహీరాబాద్‌లోనే ఉండే ఖాలా ఒకామె వచ్చింది. "బేటా, మీ ఖాలూ యాక్సిడెంట్ ఖబర్ నువ్వే రాసినవ్ గదా, జర తీసియ్యి. దఫ్తర్‌ల అడుగుతున్రు" అంది. ఆయన హైవే మీద లారీ గుద్ది ఇంతెకాల్ అయ్యారు. ఆధార్‌లో ఉన్నట్టు ‘మహమ్మద్’ అని అడిగితే ఆయన ఖబర్ రాలేదు. తెలుగు అఖ్బార్లలో ఆ పేరు మహమ్మద్, మహ్మద్, మొహమ్మద్, ముహమ్మద్. నాలుగింటి మధ్య నిలువు గీతలు పెట్టాను. ఆ గీతకు ‘లేదా’ అని అర్థం. వచ్చిన వరుసల్లోంచి ‘లారీ’ ఉన్నవి ఏరమన్నాను. మొహమ్మద్‌గా ఖాలూ దొరికారు.

ఖాలాకు తెలుగు చదవరాదు. చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకుంది. నా ఫికర్ మాత్రం వేరే. దఫ్తర్‌లో సాబ్ కూడా గ్రెప్ లాగే చూస్తే? ఒక హరఫ్ మారితే వేరే మనిషి అంటే?

జిల్లాకూ ఇదే కథ. 2016 అక్టోబర్ దాకా మాది మెదక్, తర్వాత సంగారెడ్డి. రెండూ అడగకపోతే సగం తారీఖ్ బయటికి రాదు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఇంకో ముసీబత్. తెర మీద తెలుగే, లోపల ఇంగ్లీషు హరఫులు. యూనికోడ్‌లోకి మార్చేదాకా గ్రెప్‌కు అవి తెలుగే కాదు. ఉర్దూలో అరబీ ‘యే’, ఫార్సీ ‘యే’ మాట మధ్యలో ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్ లెక్కలో వేరు.

నుక్తా పైనుంచి కిందికి దిగితే ‘ఖుదా’ ‘జుదా’ అవుతాడని ఉర్దూ బడిలో ఉస్తాద్‌లు హెచ్చరించేవారు. అందుకే ఇప్పుడు ప్రతి ఖబర్ కింద మనిషి పేరును ఎన్ని తీర్లుగా రాస్తారో అన్ని తీర్లుగా రాసి దాస్తున్నాను. రేపు ఎవరి బిడ్డయినా తమ అబ్బా కోసం తలాష్ చేస్తే, ఏ హరఫ్‌తో అడిగినా ఆయన పలకాలి.