ఎడమవైపు మిగిలిపోయిన సిర

కోనసీమ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల రైతుకు పేస్‌మేకర్ పెడుతున్నారు. ఎడమ భుజం కింది సిరలోంచి తీగ లోపలికి పంపారు. మామూలుగా అది రొమ్ము ఎముక వెనకనుంచి అడ్డంగా కుడివైపుకి దాటి, అక్కడ కిందికి దిగి గుండెలోకి చేరాలి. తెరమీద చూస్తే ఆ తీగ ఎటూ దాటలేదు. వెన్నెముకకు ఎడమపక్కనే నిటారుగా దిగిపోతోంది. పక్కనున్న జూనియర్ ముఖం పాలిపోయింది. "మేడమ్, ధమనిలోకి పోయిందేమో!"

డాక్టరమ్మ తీగ ఆపించి, సిరంజితో కాస్త రక్తం లాగి చూశారు. నల్లగా ఉంది, చిమ్మడం లేదు. రంగుమందు ఎక్కించారు. వేలంత లావు సిర ఒకటి గుండె ఎడమ అంచు వెంట దిగి, వెనకవైపు చుట్టుకుని కుడి కర్ణికలో కలవడం తెరమీద స్పష్టంగా కనబడింది. "ధమని కాదు నాయనా, ఈయనకి చిన్నప్పటి సిర పోలేదు, అంతే" అన్నారామె. చిన్నప్పుడంటే పుట్టాక కాదు. తల్లి కడుపులో, మొదటి రెండు నెలల్లో.

తీగకు మరో రకం వంపు ఇచ్చి, కాస్త ఎక్కువసేపు కష్టపడి పని ముగించారు. పెద్దాయనకి ఆ సిర వల్ల జీవితంలో ఏ ఇబ్బందీ రాలేదు. వెయ్యిమందిలో ముగ్గురి నుంచి ఐదుగురికి ఇలాంటి సిర ఉంటుంది. ఏదో పనిమీద తీగో గొట్టమో వేస్తే తప్ప దాని సంగతి ఎవరికీ తెలియదు.

గోదావరి జిల్లాల్లో ఏళ్ల తరబడి గుండె జబ్బులు చూస్తున్న ఈ డాక్టరమ్మకి పిండంలోని సిరల మీద ప్రత్యేకమైన మక్కువ. గుండె గురించి అందరూ చెబుతారు, దానికి నీళ్లందించే కాలువల గురించి ఎవరూ చెప్పరని ఆమె ఫిర్యాదు. నాలుగో వారంలో పిండానికి మూడు జతల సిరలుంటాయి. ఒక జత పచ్చసొన సంచి నుంచి, ఒకటి బొడ్డుతాడు గుండా మాయ నుంచి, మూడోది పిండం ఒంటినుంచే రక్తం తెస్తాయి. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, అంతా సమానం. ఆ తర్వాత రక్తం కుడివైపుకి మళ్లుతుంది. డెల్టాలో నీరు జోరుగా పారే కాలువ వెడల్పయి, పారనిది పూడిపోయినట్టే, చాలావరకు కుడి సిరలు పెరుగుతాయి, ఎడమవి చిక్కిపోతాయి. ఎనిమిదో వారానికి మెడ కింద ఎడమనుంచి కుడికి అడ్డంగా ఒక దారి పడుతుంది. ఇక ఎడమవైపు నిలువు సిరతో పనిలేదు. ఆ రైతు ఒంట్లో మాత్రం అది పూడలేదు.

పూడినవాళ్లలో కూడా దాని ఆనవాలు ఎడమ కర్ణిక వెనక సన్నటి సిరగా మిగులుతుంది. ఈ మార్పులన్నీ వరసగా పరిశీలించి 1850లో ప్రకటించినవాడు ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు జాన్ మార్షల్. ఆ సిరకి ఆయన పేరే. నూటడెబ్బై ఏళ్ల తర్వాత ఆ పూచికపుల్లంత సిరకి కొత్త గిరాకీ వచ్చింది. గుండె లయ తప్పే జబ్బు కొందరిలో దాని చుట్టుపక్కల నుంచే రగులుతుందని తేలాక, అందులోకి కొద్దిగా ఆల్కహాల్ ఎక్కించి వైద్యం చేస్తున్నారు.

ఇక గుండె. మూడో వారంలో రెండు సన్నటి గొట్టాలు దగ్గరికొచ్చి ఒకటవుతాయి. ఇరవైరెండో రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలు. అంటే తల్లికి నెల తప్పి వారం అయి ఉంటుంది. గొట్టం కుడికి వంగి ముడుచుకుంటుంది, లోపల గోడలు లేస్తాయి. కర్ణికల మధ్య గోడలో మాత్రం ఒక దారి కావాలనే మిగులుతుంది, ఊపిరితిత్తులు పనిచేయని రోజుల్లో రక్తం దాటడానికి. పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి అది పూర్తిగా అతుక్కోదు. "గుండెలో చిల్లు" అని రిపోర్టు చదివి ఏడుస్తూ వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి డాక్టరమ్మ చెప్పేది ఇదే.

విద్యార్థులకి ఇవన్నీ బొమ్మల్లో ఎక్కవు. అందుకని ఆమె మూడు రోజులు పొదిగిన కోడిగుడ్డు పగలగొట్టి పళ్లెంలో వేస్తారు. పచ్చసొన మీద ఎర్రటి చుక్క ఒకటి టక్‌టక్‌మని ఎగురుతూ, చుట్టూ సన్నటి నెత్తుటి దారాలు. అరిస్టాటిల్ చూసిందీ, 1651లో విలియం హార్వే రాసిందీ ఆ చుక్క గురించే.

అన్ని పొరపాట్లూ ఆ రైతు సిరలా సాధువులు కావు. ఒకసారి మూడు రోజుల పసికందుని తెచ్చారు. ఆయాసం, పెదాలు నీలం. న్యుమోనియా అనుకుని వేరేచోట మందులిచ్చారు. ఆక్సిజన్ పెట్టినా మీటరు 72 దగ్గరే కదలకుండా కూర్చుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు మంచు పట్టినట్టున్నాయి, గుండె మాత్రం చిన్నది. న్యుమోనియా అయితే ఆక్సిజన్‌కి ఎంతో కొంత లొంగాలి కదా అని డాక్టరమ్మ ఎకో చేశారు. ఊపిరితిత్తుల సిరలు నాలుగూ ఎడమ కర్ణిక వెనక ఒకచోట కలిశాయి, కానీ కర్ణికలోకి తెరుచుకోలేదు. ఒకే సిరగా కిందికి దిగి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర దాటి, కాలేయంలోకి పోతున్నాయి.

దీని మూలం కూడా ఆ పాత సిరల్లోనే ఉంది. ఊపిరితిత్తులు పుట్టేది పేగు గొట్టం నుంచే. కాబట్టి మొదట్లో వాటి రక్తం పేగు సిరల్లోకీ, ఒంటి సిరల్లోకీ పోతుంది. తర్వాత ఎడమ కర్ణిక వెనకనుంచి ఒక మొలక వచ్చి ఊపిరితిత్తుల సిరల్ని అందుకుంటుంది, పాతదారులు మూసుకుంటాయి. ఈ పాపలో మొలక అందుకోలేదు. కడుపులో ఉన్నంతకాలం ఊపిరితిత్తులకి పెద్దగా రక్తం పోదు కనుక పాప బాగానే పెరిగింది, స్కానింగ్‌లోనూ దొరకలేదు. పుట్టి ఊపిరి తీశాక రక్తం ఇరుకుదారిలో ఇరుక్కుంది. రాత్రికి రాత్రి పాపని సర్జన్ దగ్గరికి పంపారు. కలిసిన సిరని ఎడమ కర్ణికకి తెరిచి కుట్టారు. పాప బతికింది.

మూడు నెలల తర్వాత పరీక్షకి తెచ్చినప్పుడు నానమ్మ అసలు సంగతి బయటపెట్టింది. "గ్రహణంనాడు చెబితే విందా? బయట తిరిగింది." కోడలు తల దించుకుని ఉంది. డాక్టరమ్మ గోడమీది తెలుగు క్యాలెండర్ తీసి బల్లమీద పరిచారు. చివరి నెలసరి తేదీ అడిగి పెన్నుతో సున్నా చుట్టారు. అక్కణ్నుంచి పది వారాలు లెక్కపెట్టి ఇంకో సున్నా. గ్రహణం ఆరో నెలలో వచ్చింది. "అప్పటికి గుండె తయారై మూడు నెలలు దాటింది మామ్మగారూ. ఇంక గ్రహణం ఏం చేస్తుంది?" ముసలావిడ కాసేపు ఆ సున్నాలకేసి చూసి, "మరి బొప్పాయిపండు?" అంది.

చాలా కేసుల్లో కారణం ఫలానా అని చెప్పలేం. తెలిసినవి కొన్ని ఉన్నాయి. తల్లికి అదుపులేని షుగరు ఉంటే ప్రమాదం కొన్ని రెట్లు పెరుగుతుంది. రుబెల్లా సోకిన తల్లుల పిల్లలకి కంటిపొరతోపాటు గుండె లోపాలూ వస్తున్నాయని 1941లోనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. మేనరికాలూ ఈ జాబితాలో ఉన్నాయి.

నెల తప్పాక డాక్టరు దగ్గరికి వెళ్లే సరికే గుండె పని సగం అయిపోతుంది. అందువల్ల పిల్లల్ని కనాలనుకునేవారు ముందే షుగరు పరీక్ష చేయించుకోండి. రుబెల్లా టీకా పడకపోతే గర్భానికి కనీసం నెల ముందు వేయించుకోండి. బిడ్డ పుట్టాక, ఇంటికి తెచ్చుకునేలోపు కుడిచేతికీ ఒక కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడమని అడగండి. దానికి పట్టేది కొద్ది నిమిషాలే.