లియాన్ నగరపుఁ బూటకూళ్లమ్మ

మా తోడికోడలి కుమారుఁడు ఫ్రాన్సుదేశమున లియాన్ నగరమునఁ జదువుకొనుచున్నాఁడు. గడచిన వేసవిసెలవులకు వచ్చినప్పుడు మాకొక పుస్తకము తెచ్చి యిచ్చెను. అది ఫ్రెంచివంటల పుస్తకమునకు ఆంగ్లానువాదము. "పిన్నీ, నీకు వంటయన నిష్టము గదా!" యనెను. పదునాఱేండ్లుగాఁ జేయుచున్న పని మాకిష్టమో కాదో యడిగినవారు అంతకుమున్ను లేరు.

పుస్తకములోని వంటలలో ముప్పాతిక మాకుఁ బనికిరానివి. కోడి, చేఁప, ద్రాక్షసారాయము, వెన్న. వెన్నయొక్కటి తప్పఁ దక్కినవి మా గడప దాఁటి రావు. కావున వంటలు విడిచి, వండినయామె జీవితచరిత్రము చదివితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. అందులకుఁ గారణము తరువాతఁ జెప్పెదము.

యూజెనీ బ్రేజియే 1895వ సంవత్సరము జూను 12వ తేదీని, బూర్గ్-ఆన్-బ్రెస్ చెంత లా త్రాంక్లియేర్ అను పల్లెలో సేద్యగాండ్ర యింటఁ బుట్టెను. అయిదేండ్ల ప్రాయముననే పందులఁ గాచెను. పదియేండ్లకుఁ దల్లి చనిపోయెను. పిదపఁ బరుల పొలములలోఁ బాటుపడుట. బడి చలికాలమున మాత్రమే. అదియుఁ బొలముపని లేనినాఁడు. పందొమ్మిదవయేఁట నామెకొక మగబిడ్డ కలిగెను. వివాహము కాలేదు. తండ్రి యిల్లు వెడలఁగొట్టెను. బిడ్డకు గాస్తోన్ అని పేరిడి, వానిని వేఱొకరి పోషణలో నుంచి, తాను లియానునకుఁ బోయి, సేమియావంటి పిండిపదార్థములు చేయు మిల్యా వారి యింట దాదిగాఁ జేరెను. కొంతకాలమునకు వారికే వంటలక్క యయ్యెను.

లియానులో భోజనశాల నడపు స్త్రీలను 'మేర్', అనఁగా 'అమ్మ' యని పిలుచుట వాడుక. వీరిలోఁ బెక్కుమంది ధనికుల యిండ్ల వంటలక్కలు. కొలువులు పోఁగా సొంతముగా శాలలు తెఱచుకొన్నవారు. మనకును బూటకూళ్లమ్మ కలదు. క్రీడాభిరామమున నోరుగల్లులోని పూటకూళ్లయింట రూకకు దొరకు భోజనము నోరూరునట్లు వర్ణింపఁబడినది. కన్యాశుల్కమునందలి పూటకూళ్లమ్మ యొక వితంతువు. ఆమెకుఁ బేరైన లేదు. మేము చిన్ననాఁడు తండ్రిగారికడ భారతము చదువుకొనునప్పుడు, నలపాకమను మాటకు వారు కారణము చెప్పుచు, బాహుకుఁడు వండిన మాంసమును రుచిచూచి దమయంతి తన భర్తను గుర్తించినదని వివరించిరి. "మఱి దమయంతి వంట యెట్లుండెడిది, నాన్నగారూ?" యని యడిగితిమి. వారు నవ్వి తరువాతి పద్యమునకుఁ బోయిరి.

మిల్యా వారి యిల్లు విడిచి యూజెనీ, మేర్ ఫిల్లియూ అను ప్రసిద్ధురాలికడఁ బనిచేసెను. ఆ శాలలో నొక వంటకమునకు 'అర్ధశోకము' అని పేరు. నేలలోఁ బెరుగు ట్రఫుల్ అను నల్లని పుట్టగొడుగును బలుచని బిళ్లలుగాఁ గోసి కోడితోలు క్రిందఁ జొనుపుదురు. తెల్లని తోలునుండి నలుపు కనఁబడుటచే, సగము మైలబట్ట గట్టినట్లున్నదని యా పేరు. తినుబండారమునకు శోకమని పేరిడుట మాకు వింతగాఁ దోఁచెను.

1921లో ఆమె ర్యూ రాయల్ వీథిలో 12వ నంబరుగల చిన్న కిరాణా దుకాణమును గొని, తన భోజనశాలగా మార్చుకొనెను. నగరాధ్యక్షుఁడును, ఫ్రాన్సునకు మూఁడుమాఱులు ప్రధానియు నైన ఎడ్వార్ ఎరియో అందు భుజించువారిలో నొకఁడు. పని యెక్కువై ఆరోగ్యము చెడఁగా, 1928 ప్రాంతమున కోల్ ద లా ల్యూయేర్ అను కొండకనుమలో, విద్యుత్తు గాని గ్యాసు గాని లేని కొయ్యయింట విశ్రమింపఁబోయెను. అచ్చటికిని జనులు వెదకికొని వచ్చిరి. విశ్రాంతికై కొన్నయిల్లు రెండవ భోజనశాల యయ్యెను. ఇంటనున్న యాఁడుదాని విశ్రాంతి యెట్టిదో మన కెఱుకయే.

మోటారుబండ్ల టైర్లు చేయు మిషెలిన్ సంస్థ, ప్రయాణికులకై 1900లో నొక మార్గదర్శినిని వెలువరించెను. 1926 నుండి భోజనశాలలకు నక్షత్రములు వేయసాగెను. మూఁడు నక్షత్రములు దాని పరమావధి. 1933లో ఆమె రెండుశాలలకును మూఁడేసి, వెరసి యాఱు వచ్చెను. స్త్రీపురుషులలో నెవ్వరికిని అంతకుమున్ను ఆఱు రాలేదు. 1998లో అలెన్ డ్యుకాస్ అను వంటవానికి ఆఱు రాఁగా, ఇదే ప్రథమమని పత్రికలు వ్రాసినవి. అఱువదియైదేండ్లకు ముందే యొక పల్లెటూరి స్త్రీకి వచ్చినవని పిదప సవరించుకొన్నవి.

ఆమెకు శుభ్రతయన్నఁ బిచ్చి. శీతలపేటికలు ప్రతిదినమును ఖాళీచేసి కడుగవలసినదే. వంటకముల జాబితా యేండ్ల తరబడి మాఱలేదు. మాఱినది లేదని చింతయు లేదు. కోళ్లను బరీక్షించుటలో నెంత పట్టుదలయనఁగా, తుదకు వానికి గోళ్లు గూడఁ దీర్చి పంపవలసివచ్చునేమో యని వర్తకులు నవ్వెడివారఁట. గొంతు పెద్దది, కోపము మెండు. తరువాత లోకప్రసిద్ధుఁడైన పోల్ బోకూజ్ 1946లో నామెకడ శిష్యుఁడుగాఁ జేరఁగా, ఆవులఁ బిదుకుటయు, కూరమళ్లు త్రవ్వుటయు, బట్టలుతికి యిస్త్రీచేయుటయు నేర్పెను. వంట నేర్వవచ్చిన మగవానికి ముందు చాకిరి నేర్పిన యీ గురువు మాకు మిక్కిలి నచ్చెను. ప్రభుత్వమువా రత్యున్నతబిరుద మిచ్చెదమనఁగా, చక్కఁగా వండుటకంటె గొప్పపనులు చేసినవారికిండని త్రోసిపుచ్చినదఁట. ఇందు మాత్రము మేమామెతో నేకీభవింపము. తీసికొనవలసినది.

ఏ బిడ్డకై యిల్లు వెడలవలసివచ్చెనో, యా గాస్తోన్ తల్లి వంటయింటనే పనినేర్చి, యుద్ధానంతరము ర్యూ రాయల్ శాలను నడపెను. అతని తరువాత మనుమరాలు జాకోత్ నడపెను. ఆమె 1977 మార్చి 2వ తేదీని మరణించెను. పుస్తకము ఆ యేఁటనే, ఆమె పోయినపిదప వెలువడెను.

ఇఁక నిద్రపట్టని సంగతి. ఏడేండ్ల క్రిందట మా యత్తగారు మంచముపట్టిరి. వంటమనిషి కావలెనని నలుగురితోఁ జెప్పితిమి. ఒకనాఁటి యుదయమున నొక పడుచు నాలుగేండ్ల బాలుని చేయిపట్టుకొని వచ్చెను. ఉప్పుపిండి చేయించి చూచితిమి. పదిదినములుగా నేమియు మింగని మా యత్తగారు రెండు గరిటెలు తినిరి. అప్పుడు మేము, "మీ ఆయన యేమి చేయును?" అని యడిగితిమి. "లేరమ్మా" యనెను. "లేరనఁగా?" నంటిమి. ఆమె బాలుని తలపైఁ జేయివేసి యూరకుండెను. కబురుచేసెదమని చెప్పి, చేటలో శేరు బియ్యము పోసి యిచ్చితిమి. ఆమె చేట ముట్టుకొనక వెడలిపోయెను. మేము కబురు చేయలేదు. మఱి రెండుదినములు మా యత్తగారు "ఆ పిల్ల రాలేదా?" యని యడుగుచునే యుండిరి. రాలేదంటిమి.

మా వారు బడిపంతులు. ఈ ముచ్చట వారికి మేమెన్నఁడు చెప్పియుండలేదు. పుస్తకము ముగించిన మఱునాఁడు చెప్పితిమి. బాలునికి ఎడమచెవి క్రింద పెద్ద పుట్టుమచ్చ కలదనఁగా, వారు చదువుచున్న పత్రిక మడిచి, "వాఁడు మా బడిలోనే ఆఱవతరగతి. తండ్రిపేరు గడి ఖాళీ, తల్లిపేరు వ్రాసికొన్నాము. ఆమె బస్టాండు చెంత టిఫినుబండి పెట్టుకొన్నది" అనిరి. అంతకుమించి యేమియు ననలేదు. అనినను బాగుండెడిది.

మొన్నటి కార్తికమున బడిపిల్లలు వనభోజనమునకుఁ బోయిరి. ఆ బాలుఁడు తల్లి చేసిన పులిహోర డబ్బానిండఁ దెచ్చి పంతుళ్లకు వడ్డించెనఁట. ఎట్లున్నదని యడిగితిమి. మా వారు కొంచెమాలోచించి, "ఇంగువ సరిగాఁ బడినది" అనిరి. మేము మఱేమియు నడుగక, పొయ్యిమీఁది చారు దింపఁబోతిమి.