పడవ మీద కెమెరా, పొలంలో స్టార్టరు

‘నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు’ అన్నారు పెద్దలు. నీరు పల్లంతో పాటు సందును కూడా ఎరుగుతుందని వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. వెంట్రుకంత సందు దొరికితే చాలు, పిలవని చుట్టంలా లోపలికి వచ్చి కూర్చుంటుంది. వడ్ల కుప్ప మీద పరదా కప్పినా, బోరులోకి మోటారు దింపినా మేము చేసే పోరాటమంతా దానితోనే.

మాది చిల్పూర్. గుట్ట మీద బుగులు వెంకటేశ్వరస్వామి, గుట్ట కింద మా పొలాలు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లాలో ఉన్నాం, ఇప్పుడు జనగామ జిల్లా. దేవాదుల ఎత్తిపోతల పుణ్యమా అని గోదావరి నీళ్లు మా వైపుకు వచ్చినా, మా రెండెకరాలకు మాత్రం బోరే దిక్కు.

నిరుడు మా క్లాసు మిత్రులు వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి రిజర్వాయరులో కయాకింగ్ చేద్దామన్నారు. కయాక్ అంటే సన్నటి చిన్న పడవ. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. ఆర్కిటిక్ మంచు ప్రాంతాల వేటగాళ్లు కట్టె చట్రానికి సీలు చర్మాన్ని నీరు చొరకుండా కుట్టి చేసుకున్న పడవ అది. ఇవాళ ప్లాస్టిక్‌తో వస్తున్నది. దాని మీద వీడియో కెమెరా బిగించే పని మిత్రులు నాకు అప్పగించారు. “నువ్వు మోటార్లు విప్పే ఇంటి నుంచి వచ్చినవాడివి కదా” అన్నారు. అందులో ఎగతాళి ఎంతో, నమ్మకం ఎంతో నేను లెక్క కట్టలేదు.

కెమెరా మా మేనబావది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసి బతుకుతున్నాడు. చేతికిస్తూ ఒకే మాటన్నాడు: “బామ్మర్దీ, ఇది తడిస్తే ఈ మాఘమాసం పెండ్లిళ్లు నాకు లేనట్టే.” మా అమ్మ భయం వేరు. “నీళ్లల్లకు పోవుడెందుకు బిడ్డా, ఒడ్డున నిలబడి తీయరాదా?” అన్నది. ఎండాకాలం సెలవుల్లో చెరువుల్లో, బావుల్లో పిల్లలు పోయిన వార్తలు విని విని ఉన్న తల్లి భయం అది. వాళ్లిద్దరి మాటలూ మనసులో పెట్టుకునే పని మొదలుపెట్టాను.

నీటిలోకి కెమెరాను తీసుకుపోవడం కొత్త విద్య కాదు. ఫ్రాన్స్‌లో లూయీ బూటాన్ అనే జీవశాస్త్రవేత్త 1893లోనే, నీరు చొరని పెట్టెలో కెమెరా పెట్టి సముద్రం అడుగున ఫోటోలు తీశాడు. 1963లో నికాన్ కంపెనీ పైపెట్టె అక్కరలేని నికోనోస్ కెమెరాను తెచ్చింది. అలల మీద పలకతో జారే ఆట పిచ్చి ఉన్న అమెరికా యువకుడు నిక్ వుడ్‌మన్ 2004లో చేతికి కట్టుకునే ఫిల్ము కెమెరాను అమ్మకానికి పెట్టాడు. గోప్రో అనే పేరు అక్కడ మొదలైంది.

మా బావ కెమెరా పాతది. పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో పెడితేనే నీటికి తట్టుకుంటుంది. ఆ పెట్టె ప్రాణమంతా మూత చుట్టూ ఉన్న రబ్బరు వలయంలో ఉంది. పెట్టె నీటిలో ఒక మీటరు లోతుకు పోతే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. పది మీటర్ల లోతులో ఆ అదనమే ఒక వాతావరణ పీడనమంత అవుతుంది. రబ్బరు శుభ్రంగా ఉంటే ఆ ఒత్తిడే మూతను ఇంకా గట్టిగా అదుముతుంది. రబ్బరు మీద ఇసుక రేణువో, నూలుపోగో ఉంటే అదే ఒత్తిడి నీటిని లోపలికి తోస్తుంది.

మా నాయిన చదివింది ఏడో తరగతి. మోటారు కేబుల్ జాయింటు వేసేటప్పుడు ఆయన చేతులు చూడాలి. ముందు తీగలను పొడిగా తుడుస్తాడు. రబ్బరు టేపును సాగదీస్తూ, ఒక చుట్టు సగం మీదికి ఇంకో చుట్టు ఎక్కిస్తూ చుడతాడు. ఆ పైన ప్లాస్టిక్ టేపు వేస్తాడు. “తుడిచిందే సగం పని” అంటాడు. నేను కూడా ఆ వలయాన్ని తీసి, కడిగి, ఆరబెట్టి, వేలితో తడిమి చూసుకున్నాను. ఖాళీ పెట్టెలో టిష్యూ కాగితం పెట్టి, రాయి కట్టి, మా ఇంటి నీళ్ల గోలెంలో రాత్రంతా ముంచి ఉంచాను. తెల్లారి కాగితం పొడిగా ఉంటేనే కెమెరా లోపలికి పోవాలని నియమం. పొడిగానే ఉంది.

బయటి నీటిని ఆపితే సరిపోదు, లోపలి గాలిలో కూడా నీరుంటుంది. 30 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములే. చెమట పట్టే గాలిలో మూత వేసి చల్లటి నీటి మీదికి తీసుకుపోతే, మిగిలిన ఆవిరి అద్దానికి మంచులా పడుతుంది. అందుకే గాలి పొడిగా ఉన్న చోట మూత వేశాను. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెట్టాను.

ఇక బిగింపు. కయాకులు చేసే పాలిథిలిన్ మీద జిగురు సరిగ్గా పట్టదు. అద్దెకు తెచ్చుకున్న పడవకు రంధ్రం పెట్టకూడదు. నిర్వాహకుల అనుమతితో, ముందున్న చేతిపిడికి చిన్న కొయ్యపలకను పట్టీలతో కట్టాను. కింద రబ్బరు ముక్క పెట్టాను. నాగలికి కాడిని బిగించే కట్టే అది, నాయిన నేర్పిందే. కెమెరా ఎత్తు జానెడు దాటనియ్యలేదు. ఎత్తు పెరిగితే గురుత్వకేంద్రం పైకి పోతుంది, అదురు కూడా పెరుగుతుంది. రామప్ప గుడి శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారని మనకు తెలుసు. ఆ సూత్రంతోనే పెట్టె వెనక థర్మాకోల్ ముక్క కట్టి, తేలుతున్నదో లేదో గోలెంలో చూసుకున్నాను. కాపుతాడు కూడా జానెడే. పొడుగు తాడు కెమెరాను కాపాడి మనిషి కాలికి చుట్టుకుంటే ఆ పాపం ఎవరిది? లైఫ్‌జాకెట్ వేసుకోనివాడికి కెమెరా లేదని ముందే చెప్పాను.

మూడో విడతలో ఒక మిత్రుడి పడవ తిరగబడింది. రెండు నిమిషాల్లో నవ్వుతూ లేచాడు. పెట్టె విప్పితే లోపల చుక్క నీరు లేదు. వీడియోలో అంతా ఉంది. ఆకాశం తలకిందులైంది, తర్వాత మట్టిరంగు నీరు, బుడగలు, ఆ తర్వాత పడవను పట్టుకున్న ఒక చెయ్యి. ఇంట్లో చూపిస్తే అమ్మ, “ముందుగాల పడవను పట్టిండు, మంచి పని చేసిండు” అన్నది. బావ కెమెరాను రెండుసార్లు తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

నాయిన మాత్రం వీడియో చూడలేదు, పెట్టెనే చూశాడు. చాలాసేపటికి, “కెమెరాకు ఇంత చేసినవు గద, మన స్టార్టరు డబ్బకు చెయ్యవా?” అన్నాడు.

మిత్రులారా, ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. వానలో తడిసిన స్టార్టరు డబ్బా ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకునే రైతుల వార్తలు మనకు కొత్త కావు. నాయిన కూడా ప్రతి వానాకాలం అర్ధరాత్రి చెప్పులేసుకుని, కర్రముక్కతో ఆ డబ్బా తలుపు తీసేవాడే.

కరెంటు తీయించి పనిలో దిగాం. తలుపు చుట్టూ రబ్బరు వేశాం. కేబుళ్లన్నీ అడుగు నుంచే వచ్చేట్టు, డబ్బా కంటే కిందికి వంగి పైకి వచ్చేట్టు మార్చాం. తీగ వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతుంది. కెమెరా పెట్టె రెండు గంటలు మూసి ఉంటే చాలు. డబ్బా ఏడాదంతా ఎండకూ వానకూ ఉంటుంది, వేడికీ చలికీ గాలి పీలుస్తుంది. అందుకే లోపల చేరిన తడి కారిపోవడానికి అడుగున చిన్న రంధ్రం ఉంచాం. వీటన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతి, డబ్బాను దానికి కలిపించాం. రబ్బరు ఎంత మంచిదైనా ఎర్తింగ్‌కు బదులు కాదు.

సెలవులకు ఊళ్లకు పోయే సైన్సు విద్యార్థులకు నా మనవి ఒక్కటే. మీ పొలం దగ్గరి స్టార్టరు డబ్బాను ఒకసారి చూసి రండి. ఎర్తింగ్ తీగ ఉందా, తెగిందా అడగండి. వానలు మొదలయ్యే లోపే చూడండి.