కట్టినవాని ధర్మము

పాండవుల మహాప్రస్థాన కథ తెలియని తెలుగు బాలుడు అరుదు. తమ్ములును ద్రౌపదియు త్రోవలో ఒక్కొక్కరుగా పడిపోగా, ధర్మరాజు వెంట తుదివరకు నడచినది ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి స్వర్గమునకు రమ్మనగా, తన్ను నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడుచుటకు ఆయన అంగీకరింపలేదు. ఈ కథను విన్నవారందరును ధర్మరాజును మెచ్చుకొందురు. కాని ఆ పరీక్ష స్వర్గద్వారము కడ ఒక్కసారి జరిగి ముగిసినది కాదు. కుక్కనో పిల్లినో పెంచు ప్రతి ఇంటను అది దినదినమును జరుగుచునే యుండును. అందు నెగ్గుటకు గొప్ప త్యాగము అక్కరలేదు. వేళకు నీళ్లు మార్చుట, ఎండ ఎటు తిరిగినదో చూచుట వంటి చిన్న పనులు చాలును. చిన్నవి కనుకనే అవి తరచు మరపునకు వచ్చును.

విజయవాడలో ఒక ఇంట పదమూడేండ్ల బాలుడు కలడు. వాడు సంక్రాంతి సెలవులకు అమ్మమ్మగారి ఊరికి పోయి, తిరిగి వచ్చునప్పుడు ఒక కుక్కపిల్లను తెచ్చుకొనెను. తల్లి మొదట ఒప్పుకొనలేదు. "దాని పని అంతయు నేనే చూచుకొందునమ్మా!" అని వాడు మాట యిచ్చిన పిదపనే ఆమె సరే యనెను. మొదటి నెల వాడు మాట తప్పలేదు. పిల్లకు అన్నము కలిపి పెట్టుట, పాత గోనెపట్ట దులిపి పరచుట వాడే చేసెను. తరువాత పరీక్షలు వచ్చెను. పిల్ల పెద్దదై గుమ్మములోని చెప్పులు కొరుకసాగెను. ఇంటివారు విసిగి, పడమటి వైపు గోడ ప్రక్కనున్న రాతి స్తంభమునకు దానిని గొలుసుతో కట్టిరి.

మే నెలలో ఒకనాడు ఇంటిల్లిపాదియు పెండ్లికి పోవలసి వచ్చెను. బాలుడు ప్రొద్దున్నే కుక్కకు పెరుగన్నము పెట్టి, గిన్నెనిండ నీళ్లు పోసి, అది గోడనీడలోనే యున్నదని చూచి మరీ బయలుదేరెను. నాయనమ్మ మాత్రము ఎండకు తాళలేక, భోజనమైన కొంతసేపటికే ఇంటికి తిరిగి వచ్చెను. అప్పటికి నీడ గోడకు ఆవలి వైపునకు పోయినది. నాపరాతి పరుపు పెనమువలె కాలుచున్నది. గొలుసు తగిలి గిన్నె బోర్లపడినది. కుక్క ప్రక్కకు ఒరిగి, నాలుక వెలికి వ్రేలవేసి, పిలిచినను లేవలేక పడియున్నది. ఆమె గొలుసు విప్పి, దానిని నడవలోనికి చేర్చి, తడిబట్టలతో ఒడలు తుడిచి, విసనకఱ్ఱతో విసరి, కొంచెము కొంచెముగా నీళ్లు నాకించెను. ఇరుగుపొరుగువారు ఆటో పిలువగా పశువుల ఆసుపత్రికి తీసికొనిపోయెను. వైద్యుడు చికిత్స చేసి, మరికొంత ఆలస్యమైనచో అది దక్కెడిది కాదనెను.

సాయంకాలము ఇల్లు చేరిన బాలుడు సంగతి విని ఏడ్చుచు, "నేను నీడలోనే కట్టితిని గదా నాయనమ్మా! నీళ్లు కూడ పెట్టితిని" అనెను.

"నీడ కదలును నాయనా! గొలుసు కదలదు" అని ఆమె చెప్పెను. "వీధికుక్కకు దాహమైనచో కాలువగట్టునకు పోవును. ఎండ వచ్చినచో బండి క్రిందికి దూరును. దీనిని మనము కట్టితిమి. అది పోయి చేసికొనవలసిన పనులన్నియు ఆ క్షణముననే మన పనులైనవి."

పెంపుడు జంతువులను గూర్చిన ధర్మమంతయు ఆ వృద్ధురాలి మాటలో ఇమిడియున్నది. వీధిలో తిరుగు జంతువు బ్రతుకు సుఖమైనదని దీని అర్థము కాదు. ఆకలి, రోగము, బండ్ల తాకిడి దానికొరకు నిత్యము పొంచియుండును. అయినను నీరు వెదకుకొనుటకు, నీడకు చేరుటకు, తోటిజంతువులతో కలియుటకు దానికి కాళ్లున్నవి. గొలుసు వేసినను, తలుపు మూసినను ఆ కాళ్లకు పని లేకపోవును. అప్పుడు యజమానుని బుద్ధియు చేతులును దానికి కాళ్లు కావలెను.

అన్నిటికంటె ముందు చూడవలసినది నీరు. మనుష్యునకు ఒడలంతట చెమట పట్టి, అది ఆరుటవలన శరీరము చల్లబడును. కుక్కకు అరికాళ్లయందు మాత్రమే కొలదిగా చెమట పట్టును. నోరు తెరచి వగర్చుటయే అది వేడిని పోగొట్టుకొను ముఖ్యమార్గము. వగర్చునప్పుడు నోటిలోని తేమ ఆవిరియై పోవును గనుక ఆ నీటిని మరల త్రాగుచుండవలెను. ఆరోగ్యముగానున్న కుక్క శరీరోష్ణము సుమారు 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వరకు ఉండును. అది 106 డిగ్రీలకు చేరినచో ప్రాణాపాయము. కావున నీటిపాత్ర అడుగు వెడల్పై, బరువై, తేలికగా ఒరగనిదై యుండవలెను. నీటిని దినమునకు రెండు మూడు మారులు మార్చవలెను. మధ్యాహ్నము మూడు గంటలకు ఎండ ఎచ్చట పడునో చూచిన పిమ్మటనే దాని చోటు నిర్ణయింపవలెను.

ఆహారము విషయమున ప్రేమ యొక్కటే చాలదు, తెలివియు కావలెను. పిల్లలు తాము తిను చాకొలెట్టు ముక్కను కుక్కకు పెట్టి అది తోకయాడించుట చూచి మురియుదురు. కాని చాకొలెట్టు, ఉల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకు విషతుల్యములు. ఉడికిన ఎముకలు చీలికలై ప్రేగులకు గుచ్చుకొనును. పిల్లి సంగతి వేరు. పాలు పోసినచో పిల్లికి కడుపు నిండునని చాలమంది తలంపు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగవు. టారిన్ అను పదార్థము పిల్లికి మాంసాహారమునుండియే లభింపవలెను. అది చాలనిచో పిల్లి కన్నులు, గుండె చెడును. పల్లెటూరి పెంకుటింటి పిల్లి పాలన్నము తిన్నను, రాత్రి ఎలుకలను పట్టి తన కొరతను తానే తీర్చుకొనును. నాలుగవ అంతస్తులో తలుపులు మూసిన ఇంటిలోని పిల్లికి ఆ వీలెక్కడిది? మాంసము ముట్టని ఇంటివారు పిల్లిని పెంచదలచినచో, దాని ఆహారమును గూర్చి ముందుగనే వైద్యుని అడుగవలెను.

కడుపు నిండినంతమాత్రమున బ్రతుకు నిండదు. 1965లో ఇంగ్లండునందు బ్రాంబెల్ అను శాస్త్రజ్ఞుని అధ్యక్షతను ఏర్పడిన సంఘమొకటి, పశువుల పెంపకశాలలను పరిశీలించి, లేచుటకు, పండుకొనుటకు, చుట్టు తిరుగుటకు, తన ఒడలు తాను శుభ్రపరచుకొనుటకు, కాళ్లు చాచుటకు ప్రతి పశువునకును చోటుండవలెనని చెప్పెను. ఈ భావమే పిదప పెంపొంది, ఆకలిదప్పులు లేకుండుట, ఇరుకును బాధయు లేని నివాసము, రోగమునకు చికిత్స, సహజమైన నడవడికి వీలు, భయము లేని బ్రతుకు అను ఐదు స్వేచ్ఛలుగా ప్రసిద్ధి చెందినది. మొదట పొలములలోని పశువులకొరకు చెప్పినదైనను, ఇది ఇంటి జంతువులకును వర్తించును. కుక్క వాసన చూచుచు నడువగోరును. పిల్లి ఎత్తైన చోట కూర్చుండి చూడగోరును, గోళ్లతో గీకగోరును. దినమంతయు కట్టివేసిన కుక్క ఎడతెగక మొరిగినచో అది పొగరు కాదు. తోడు లేదని అది చెప్పుకొను మొర.

రోగనివారణ మరువరానిది. కుక్కకాటువలన వచ్చు రేబిస్ వ్యాధి లక్షణములు ఒకసారి కనబడినచో మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసంభవము. 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు దీనికి టీకా కనిపెట్టి, పిచ్చికుక్క కరచిన ఒక బాలుని కాపాడెను. నాటినుండి ఈ మృత్యువును అడ్డగించు సాధనము మనుష్యుని చేతిలోనే యున్నది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగనే రేబిస్ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. ఇతర వ్యాధుల టీకాలు అంతకు ముందే మొదలగును. నులిపురుగులకు మందు, ఒంటిమీద గోమార్లు లేకుండ చూచుకొనుట కూడ అవసరము. కుక్క కరచినచో గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కుక్కకు వేయించిన టీకా కుక్కను మాత్రమే కాదు, ఆ వీధిలోని పసిపిల్లలను కూడ కాపాడును.

ఎంత ప్రేమించినను అవసరములు తీర్పజాలని ప్రాణులు కొన్ని కలవు. పంజరములోని రామచిలుక అట్టిది. గుంపుతో ఎగురుట, చెట్టుతొఱ్ఱలో గూడుకట్టుట దాని స్వభావము. జామపండు పెట్టవచ్చును, మాటలు నేర్పవచ్చును గాని, ఆకాశమును గుంపును ఎవరు తెచ్చి ఈయగలరు? 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున పెంచుటయు నేరము. పెరటిలో జామచెట్టు నాటినచో చిలుకలు తమంతట తామే వచ్చును. వాని అందము చూచుటకు అంతకంటె మంచి మార్గము లేదు.

నోరులేని ప్రాణుల పక్షమున చట్టము కూడ నిలిచియున్నది. కళాక్షేత్రమును స్థాపించిన ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలుగా నుండి, జంతువులపై క్రూరత్వమును అరికట్టుటకు బిల్లు తెచ్చి వాదించిరి. తరువాత 1960లో పార్లమెంటు చట్టము చేసెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. తగిన తిండి, నీరు, నివాసము ఈయకుండుట, పొట్టి గొలుసుతో గాని బరువైన గొలుసుతో గాని మితిమీరిన కాలము కట్టియుంచుట, కారణము లేక విడిచిపెట్టి జంతువును ఆకలిదప్పులపాలు చేయుట ఈ చట్టము ప్రకారము నేరములు. సమస్త జీవులయందు దయ కలిగియుండుట పౌరుని విధియని 1976లో రాజ్యాంగమునందును చేర్చబడినది.

అయినను మూసిన గేటు వెనుక కట్టియున్న కుక్క గిన్నెలో నీరున్నదో లేదో చట్టము ప్రతి దినమును వచ్చి చూడజాలదు. చూడవలసినది ఇంటివారే. కుక్క పది పన్నెండేండ్లు, పిల్లి అంతకుమించియు జీవింపవచ్చును. ఎనిమిదవ తరగతి బాలుడు నేడు తెచ్చిన కుక్కపిల్ల, వాడు కళాశాల చదువు ముగించి ఉద్యోగమునకు పోవు నాటికి ముసలిదై గుమ్మములో పండుకొనియుండును. అప్పుడు దాని ముద్ద కలుపువారెవరు? ఊరు పోవునప్పుడు చూచువారెవరు? మందుల ఖర్చునకు ఇంట వెసులుబాటు కలదా? ఈ ప్రశ్నలు తెచ్చిన పిదప కాదు, తెచ్చుటకు ముందే అడుగవలసినవి. సమాధానము లేనిచో తేకుండుటయే దయ.

విజయవాడ కుక్క కోలుకొన్నది. బాలుడు దాని చోటును పెరటివైపు వసారాలోనికి మార్చెను. ఒరిగిపోవు గిన్నెకు బదులు బరువైన రాతితొట్టి తెచ్చి పెట్టెను. ప్రొద్దు పొడువకమునుపే దానిని కాలువగట్టున నడపించుట, టీకా వేయింపవలసిన తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుట వానికి అలవాటైనవి. గొలుసు నడకవేళ తప్ప చిలుకకొయ్యకే వ్రేలాడుచుండును.

మరుసటి సంక్రాంతికి తోటి విద్యార్థి యొకడు వాని యొద్దకు వచ్చి, "మీ అమ్మమ్మగారి ఊరినుండి నాకును ఒక పిల్లను తెచ్చిపెట్టుము" అని కోరెను. దాని రంగు ఎట్లుండవలెనని బాలుడు అడుగలేదు.

"మీ ఇంట మధ్యాహ్నము ఎండ ఎటు పడును?" అని అడిగెను.