క్వార్టర్ నాణెం

2016 చలికాలం. కొలంబస్‌లో అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. పక్కింటి పెద్దాయన తన బేస్‌మెంట్‌లో రైళ్లున్నాయి చూద్దురుగాని రమ్మని మనవణ్ణీ నన్నూ పిలిచారు. కాజీపేట వైపు సిగ్నల్ మెయింటెయినర్‌గా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి. రైలంటే, అది ఎంత చిన్నదైనా, వెళ్లకుండా ఉండలేను.

గది చుట్టూ బల్లలు. వాటి మీద 1:87 కొలతలో పట్టాలు, కొండలు, ఒక సొరంగం. ఒకే పట్టా మీద మూడు ఇంజన్లు, దేని వేగం దానిదే. అయితే సొరంగం దాటగానే ఏ ఇంజనైనా కుదుపులు పడేది. దీపం మిణుకుమనేది. ఆపమంటే ఆగేది కాదు. ఇంజన్లలో కబుర్లు అందుకునే డీకోడర్లను ఆయన రెండుసార్లు మార్చి చూశారట.

పట్టాల్లో ఏం పారుతోందని అడిగాను. ఆయన కాగితం మీద గీసి చూపించారు. ఎప్పుడూ 14 వోల్టులే. వేగాన్ని బట్టి పెరగదు, తగ్గదు. మారేది దిశ. 58 మైక్రోసెకన్లకు మారితే ఒకటి. కనీసం 100 మైక్రోసెకన్లు పడితే సున్నా. ఇంజనుకు కరెంటూ కబురూ రెండూ ఆ పట్టాల్లోంచే. ప్రతి కబురు చివరా సరిచూసుకునే లెక్క ఒకటి ఉంటుంది. అది కుదరకపోతే డీకోడరు ఆ కబురును వదిలేసి, అంతకుముందు విన్నదాని ప్రకారమే పోతుంది. ఇంజను ఎందుకు ఆగడం లేదో నాకు అప్పుడు అర్థమైంది.

పట్టాల్లో కరెంటు పంపి రైలుందో లేదో కనిపెట్టే మా ట్రాక్ సర్క్యూట్ పనిలో ఫిష్‌ప్లేటును నమ్ముకోకూడదు. అది పట్టాలను కలిపి పట్టుకుంటుంది గానీ, తుప్పు పడితే కరెంటును సరిగా పోనివ్వదు. అందుకే ప్రతి అతుకు దగ్గరా బాండ్ వైర్లు వేస్తాం. ఇక్కడ బల్ల కింద దూరి చూస్తే, గది మొత్తానికి రెండే చోట్ల తీగలు పట్టాకు అతికి ఉన్నాయి. మిగతా దూరమంతా కరెంటు చిన్న చిన్న రేకు జాయినర్లు దాటుకుంటూ పోవాల్సిందే.

మాకు షంట్ టెస్ట్ ఉండేది. అర ఓము రెసిస్టెన్సు పట్టాలకు అడ్డంగా పెడితే రిలే పడిపోవాలి. పడలేదంటే, లైను మీద రైలున్నా లేనట్టే. ఆ భయంతోనే ఉద్యోగమంతా చేశాను. ఈ చిన్న రైళ్లకూ అలాంటి పరీక్షే ఉందని ఆయన చెప్పారు: క్వార్టర్, అంటే పావు డాలరు నాణెం, పట్టాలకు అడ్డంగా పెడితే వాటికి కరెంటునిచ్చే బూస్టరు ట్రిప్ అవ్వాలి. సొరంగం అవతల పెట్టి చూశాం. ట్రిప్ కాలేదు.

కాగితం మీద లెక్క వేశాను. బూస్టరు 5 ఆంపియర్లు దాటితేనే ట్రిప్ అవుతుంది. దారిలో 4 ఓములున్నా పారేది మూడున్నర ఆంపియర్లే. బూస్టరు దాన్ని పెద్ద బండి లాగుతున్న లోడు అనుకుని ఇస్తూనే ఉంటుంది. దాదాపు 50 వాట్లు! ఓ సాల్డరింగ్ ఐరన్ వేడంత వేడి, ప్లాస్టిక్ స్లీపర్ల మధ్య, కొయ్య బల్ల మీద. కుదుపుల కంటే నన్ను అదే ఎక్కువ కలవరపెట్టింది.

రెండు వారాంతాలు బల్ల కిందే పడుకున్నాం. గది పొడవునా 14 గేజి రాగి తీగల జత లాగాం. ఎడమ పట్టాకు ఎరుపు, కుడి పట్టాకు నలుపు. మూడడుగుల పట్టా ముక్క ఒక్కోదానికీ విడిగా ఫీడరు తీగలు సాల్డర్ చేశాం. మా అల్లుడు ఆసిలోస్కోపు తెచ్చి పెడితే, చతురస్రంగా ఉండాల్సిన అల అంచుల్లో కొమ్ములు కనిపించాయి. మామూలు మల్టీమీటరు వీటిని చూపించదు. జత తీగలను మెలితిప్పి, చివర 100 ఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా కలిపి పెట్టాం. కొమ్ములు అణిగాయి.

ఆఖరి ఆదివారం మనవడు క్వార్టర్ పట్టుకుని ఒక్కో ముక్క మీదా పెట్టుకుంటూ పోయాడు. పెట్టిన ప్రతిచోటా బూస్టరు టక్కుమంది. కాజీపేట రిలే గదిలో వినే చప్పుడులాగే ఉంది. పెద్దాయన కళ్లు మూసుకుని వింటున్నారు. యార్డు పాయింట్ల దగ్గర మాత్రం చప్పుడు రాలేదు.

"తాతా, ఇక్కడ పలకట్లేదు."

టార్చి తీసుకుని మళ్లీ బల్ల కిందికి దూరాను.